దేవుడి గుప్పెడు

ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టడం రాజరత్నం టీచరుకి అలవాటు. చింతపండు కాలమైతే చింతపండు ఒలవాలి. మినప్పప్పు నానిన రోజైతే పొట్టు కడగాలి. ఏమీ లేకపోతే ఆరిన బట్టలు మడతపెట్టాలి. శిష్యురాళ్ళు దీనికి రకరకాల భాష్యాలు చెప్పుకునేవారు. చేతులు కదులుతుంటే మనసు కుదురుతుందని ఒకరు, అహం అణుగుతుందని ఇంకొకరు. అవన్నీ విని టీచరు నవ్వేది. "చెట్టు కింద కూర్చుని బోధించిన గురువులందరికీ ఇంట్లో వంట ఎవరో చేసిపెట్టారమ్మా. వాళ్ళ పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. నాకెవరు చేస్తారు? ప్రశ్న మీది, జవాబు నాది, కూర ఇద్దరిదీ."

ఆవిడ బాపట్లలో ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఆదివారం సాయంత్రాలు ఆవిడ వసారాలో పదిమంది ఆడవాళ్ళు చేరి పుస్తకాలు చదువుకునేవారు, పోట్లాడుకునేవారు. ఆవిడకి దేవుడున్నాడా లేడా అన్న విషయంలో ఊరు రెండుగా చీలింది. గుడికీ చర్చికీ పోదు కాబట్టి లేడని కొందరి వాదన. ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంటుంది కాబట్టి ఉండే ఉంటాడని మిగతావాళ్ళ నమ్మకం. ఆవిణ్ణే అడుగుదామంటే, అడిగినవాళ్ళ చేతికి చాట వచ్చేది.

ప్రగతి వచ్చిన రోజు ఆదివారం కాదు. మధ్యాహ్నం ఎండలో, గొడుగు కూడా లేకుండా వచ్చింది. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది, మహిళా సంఘానికి కార్యదర్శి, మైకు ముందు నిలబడితే మగవాళ్ళు కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు. అలాంటి మనిషి గడప దగ్గరే చెప్పులు తడబడి విడిచి, వసారాలో కూలబడింది. టీచరు మంచినీళ్ళు ఇచ్చింది. తర్వాత గోంగూర కట్ట ఇచ్చింది.

"నాకొక ప్రశ్న ఉంది టీచర్‌గారూ," అంది ప్రగతి ఆకు గిల్లుతూ. "మా నాయనమ్మ నమ్మింది. మా నాన్న ఒక జన్మంతా కష్టపడి దేవుణ్ణి గుమ్మం దాటించాడు. నేను నా వంతు కష్టపడి తలుపు గడియ వేశాను. ఇప్పుడు నా కూతురు కిటికీ తీసి ఆయన్ని లోపలికి పిలుచుకుంది. ఇందులో తప్పు ఏ తరానిది? నాన్నదా, నాదా? లోకం ముందుకి పోతోందని కదా మనం అందరికీ చెబుతున్నాం. మరి నా ఇంట్లోనే వెనక్కి ఎందుకు తిరిగింది?"

"ముదురాకు తీసెయ్," అంది టీచరు. "ఏం జరిగిందో చెప్పు."

జరిగింది చెప్పడానికి ప్రగతికి సిగ్గుగా ఉంది. సిద్ధాంతంగా అడిగితే ఎంత పెద్ద ప్రశ్నగా ఉందో, జరిగింది జరిగినట్టు చెబితే అంత చిన్న గొడవగా ఉంది.

కూతురు అరుణిమ ఇంటర్ అయింది. గుంటూరులో నర్సింగు సీటు వచ్చింది, వచ్చే సోమవారం హాస్టలుకి పోవాలి. కిందటేడు క్రిస్మస్‌కి సలోమి అనే స్నేహితురాలితో చర్చికి వెళ్ళినప్పుడు, పాటల కోసమేలే అనుకుంది ప్రగతి. పండగ అయిపోయింది కానీ వెళ్ళడం ఆగలేదు. ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, తెల్ల చున్నీ వేసుకుని వెళ్ళేది. వయసు అలాంటిది, పోనీలే అనుకుంది. ఆ పిల్ల గోడకి ఏమీ అంటించలేదు, మెడలో ఏమీ వేసుకోలేదు, ఎవరికీ బోధించలేదు. కానీ ఒకరోజు హాల్లో అద్దాల బీరువాలో, నాయనమ్మ దీవెనమ్మ గుర్తుగా ఉంచిన ఇత్తడి ముంత కనపడలేదు. వెతికితే వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనకాల ఉంది. మెరిసేట్టు తోమి ఉంది. సగానికి బియ్యం ఉన్నాయి.

అదేమిటో ప్రగతికి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళ పేటలో పాతకాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. అది దేవుడి గుప్పెడు. వారానికొకసారి ముంత చర్చికి వెళుతుంది. ముంతలో పడ్డ గింజ మళ్ళీ ఇంటివాళ్ళ కంచంలోకి రాకూడదు. పస్తున్నా సరే రాకూడదు.

"నాకు ఒళ్ళు మండిపోయింది టీచర్‌గారూ. నా వంటింట్లో, నాకు తెలియకుండా, దేవుడి పేరు మీద పన్ను! ముంత ఎత్తి డ్రమ్ములో కుమ్మరించాను. అప్పుడే అది వచ్చి గుమ్మంలో నిలబడింది. 'కలిపేశావా అమ్మా?' అంది. 'కలిపేశాను. బియ్యం బియ్యమే' అన్నాను. 'సరే' అంది. అంతే. ఏడిస్తే బావుండేది. అరిచినా బావుండేది."

ఆ రోజు నుంచీ అరుణిమ ఇంట్లో అన్నం ముట్టలేదు. రవ్వ ఉప్మా తానే చేసుకుంటుంది, రొట్టె కాల్చుకుంటుంది, అరటిపండు తింటుంది. అదేమని అడిగితే గొడవ పెట్టుకోదు. 'ఆ డ్రమ్ములో నాది కానిది ఉందమ్మా, నేను తినలేను' అని, సంచిలో బట్టలు సర్దుకుంటుంది. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి పక్కన పెట్టి కూడా పిల్ల రొట్టె ముక్క నములుతుంటే, గుంటూరు జిల్లాలో పుట్టిన తల్లికి అంతకంటే తిట్టు ఏముంది?

"సోమవారం వెళ్ళిపోతుంది. ఇలాగే వెళితే ఇక అదెప్పుడొచ్చినా చుట్టంలాగే వస్తుంది," అంది ప్రగతి. ఇంకో కాడ తీసుకుని, "మా ఆయన్ని అడిగాను. ఇది మీ తల్లీకూతుళ్ళ సంగతి, నేను తటస్థం అన్నారు," అంది.

"తటస్థంగా ఉన్నాయన అన్నం తింటున్నాడా?"

"రెండు పూటలా తింటున్నారు."

"తినక ఏం? మగవాళ్ళు తటస్థంగా ఉంటే ఆకలి బాగా వేస్తుంది," అంది టీచరు. పొయ్యి మీద నూనె వేసి, ఎండుమిరపకాయలు తుంచి, హఠాత్తుగా అడిగింది. "ఇందాక నాయనమ్మ అన్నావు, నాన్న అన్నావు, నువ్వన్నావు, నీ కూతురన్నావు. మీ అమ్మ ఏది?"

"అమ్మా?" ప్రగతి చెయ్యి ఆగింది. "అమ్మ నాన్నతోనే కదండీ."

"నాన్నతోనే అంటే? నమ్మేదా, నమ్మేది కాదా?"

"నేనెప్పుడూ అడగలేదు."

"మీ నాన్న అడిగాడా?"

మిరపకాయల ఘాటు వసారా దాకా వచ్చింది. టీచరు దగ్గి, పొయ్యి ఆర్పి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ప్రగతికి ఎదురుగా వచ్చి కూర్చుంది. తనూ నాలుగు కాడలు చేతిలోకి తీసుకుంది.

"మీ నాయనమ్మ ఇల్లూ మా ఇల్లూ ఎదురుబొదురు. నీకు తెలుసుగా? అప్పటికి నాకు పరికిణీ వయసు. మా పొయ్యి ఆరిపోతే దీవెనమ్మత్త ఇంటికి నిప్పు కోసం పరిగెత్తేదాన్ని, పిడక ముక్క పట్టుకుని. అలా వెళ్ళినప్పుడు చూసిన సంగతి ఒకటి చెబుతాను, విను."

దీవెనమ్మకి ఒక్కడే కొడుకు. ఆవిడ పెట్టిన పేరు యోహాను. పార్టీలో చేరాక అతను ఆ పేరు తీసేసి జ్వాలారావు అని పెట్టుకున్నాడు. కరపత్రాల్లో జ్వాలారావు, పోలీసు స్టేషన్లో జ్వాలారావు, పెళ్ళిపత్రికలో జ్వాలారావు. తల్లి మాత్రం చివరిదాకా యోహానూ అనే పిలిచింది. అతనూ చివరిదాకా పలికాడు.

ఆ ఏడు నాట్ల కాలంలో కూలిరేట్ల కోసం పేట మొత్తం పని మానేసింది. ఊళ్ళో చేలు ఎండుతున్నాయి, పేటలో పొయ్యిలు ఆరుతున్నాయి. సమ్మె పిలుపిచ్చింది యోహానే కాబట్టి, ఎవరి బిడ్డ ఆకలికి ఏడ్చినా అతనికే తగిలేది. ఒకరోజు పొద్దున్నుంచీ తిరిగి తిరిగి, ఎవరింట్లో ఏమీ లేక, సుడిగాలిలా ఇంటికొచ్చాడు. పొయ్యి పక్కన ముంత కనిపించింది. ఇంట్లో బియ్యం బానలో అడుగున నాలుగు గింజలు, ముంతలో మాత్రం పైదాకా బియ్యం. అసలే కడుపు మంట.

"ఇదేందే అమ్మా! చంటిపిల్లలు మట్టి తింటుంటే నీ దేవుడికి ముంతనిండా దాచిపెట్టావా? ఆయనకి ఆకలేస్తుందా? ఎప్పుడన్నా వచ్చి తిన్నాడా?" అన్నాడు. ముంత ఎత్తి బానలో బోర్లించాడు. బోర్లించి చేత్తో కలియబెట్టాడు కూడా, మళ్ళీ ఏరుకోవడానికి వీల్లేకుండా.

"నేను గుమ్మంలో నిలబడి వణికిపోయాను," అంది టీచరు. "ఇంటి మీద పిడుగు పడుతుందనే అనుకున్నాను. పిడుగు పడలేదు గానీ, దీవెనమ్మత్త లేచి ఎసరు పెట్టింది. ఆ బానలో బియ్యమే కడిగి వండింది. వండి, కొడుక్కి వడ్డించింది. పచ్చిమిరపకాయ, ఉప్పు. అంతే. ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరింది. వాడు గెలిచాననుకుని తిన్నాడు. పాపం, ఎన్నాళ్ళ ఆకలో, కంచం నాకినట్టు తిన్నాడు. చెయ్యి కడుక్కోబోతుంటే అప్పుడంది. 'యోహానూ, అయిందా?' 'అయింది.' 'దేవుడి బియ్యం తిన్నావుగా నాయనా. ఇక ఆయన పని నువ్వు చెయ్యాలి.'"

యోహాను నవ్వాడు. "ఏంటమ్మా ఆయన పని?"

"నాకేం తెలుసురా? చదువుకోలేదు. ఆకలిగొన్నవాళ్ళని చూసుకుంటాడని పాటల్లో విన్నాను. రేపట్నించి ఆ సంగతి నువ్వు చూసుకో." కంచం తీస్తూ ఇంకోమాట కూడా అంది. "నీ వల్ల కాకపోతే చెప్పు. సిగ్గుపడకు. మళ్ళీ ఆయన్నే అడుక్కుంటాను."

ప్రగతి చేతిలో గోంగూర ఆకు అలాగే ఉండిపోయింది. సమ్మెల గురించీ జైళ్ళ గురించీ, ఇళ్ళస్థలాల కోసం కలెక్టరు ఆఫీసు ముందు కూర్చున్న రాత్రుల గురించీ నాన్న ఎన్నో చెప్పాడు. వేదిక మీద దేవుణ్ణి ఎండగట్టినప్పుడల్లా ఆయన కళ్ళు ఎలా వెలిగేవో తనకి తెలుసు. ఆయన ఒక్కనాడూ చెప్పని సంగతి ఇదొక్కటే. జ్వరంలో కూడా పేటలో ఎవరి పొయ్యి వెలగలేదో కనుక్కోకుండా పడుకునేవాడు కాదు. అదేం పట్టుదల నాన్నా అంటే, విసుక్కుని, ఒప్పుకున్న పని అనేవాడు. పార్టీకి ఒప్పుకున్నాడని తను అనుకుంది.

"ఆ వారం చర్చి నుంచి పాస్టరమ్మగారు ముంత కోసం వచ్చింది," అంది టీచరు మళ్ళీ. "ఖాళీ ముంత చూసి, ఏం దీవెనమ్మా అంది. 'ఈ వారానిది మా యోహాను పట్టుకెళ్ళాడండీ' అంది మీ నాయనమ్మ. ఎంత గర్వంగా చెప్పిందనుకున్నావు! కొడుక్కి ఉద్యోగం వచ్చినట్టు."

"మరి అమ్మ?"

"మీ అమ్మ వకుళ తర్వాత కదా వచ్చింది, వేరే కులం నుంచి, దండల పెళ్ళి చేసుకుని. మీ నాయనమ్మ మంచాన పడ్డాక వంటిల్లు ఆమె చేతికి వచ్చింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఎసరు మరుగుతోంది. బియ్యం పొయ్యబోయి, ఒక గుప్పెడు తీసి ఆ ముంతలో వేసింది. లోపల మీ నాన్న ఎవరితోనో మతం గురించి వాదిస్తున్నాడు, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది. మంచం మీద నుంచి అత్త చూస్తోంది. ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోలేదు. మీ అమ్మ అత్త కోసం వేసిందో, దేవుడి కోసం వేసిందో, అలవాటు పడి వేసిందో, నాకు తెలియదు. ఎవరన్నా అడిగితే చెప్పేదేమో. జనాభా లెక్కలవాళ్ళు కూడా వాకిట్లో ఉన్న మొగుణ్ణే అడిగి రాసుకుపోయారు."

నూనె చల్లారింది. టీచరు లేచి, మళ్ళీ పొయ్యి వెలిగించి, గిల్లిన ఆకంతా కడిగి మూకుట్లో వేసింది. ఆకు చిటపటలాడి, రంగు మారి, కూలబడి, గుప్పెడంత అయింది.

ప్రగతి చేతులు దులుపుకుని, "అంటే నన్ను నమ్మమంటారా?" అంది. ఆ గొంతులో కొంచెం కోపం ఉంది. ఉండాలి కూడా. ఆడవాళ్ళని ఉపవాసాలతో మాడ్చి, ముట్టు పేరుతో మూల కూర్చోబెట్టి, మొగుడి ఆయుష్షుకి పూచీ రాయించుకున్న వ్యవహారం మీద ఆమె ఇరవయ్యేళ్ళుగా యుద్ధం చేస్తోంది. ఒక్క ముంత బియ్యం కోసం ఆ కత్తి కింద పెట్టమంటే పెడుతుందా?

టీచరు ఆ ప్రశ్న విననట్టే, ఇంకో ప్రశ్న అడిగింది. "మీ డ్రమ్ములో బియ్యం ఈ వారమంతా ఎవరు తిన్నారు?"

"నేను. ఆయన."

"ఊఁ," అంది టీచరు. గిన్నెలో కొంచెం పచ్చడి పెట్టి చేతికిచ్చింది. "పిల్లకి రొట్టెలోకి బావుంటుంది. తీసుకెళ్ళు."

దారంతా ప్రగతి నడిచే వెళ్ళింది. ఇంటికి వెళ్ళేసరికి అరుణిమ మంచం మీద సంచీ పరుచుకుని, తెల్ల యూనిఫాం మడతలు పెడుతోంది. తల్లి వచ్చి పక్కన కూర్చుంటే కాళ్ళు కొంచెం ముడుచుకుంది. ఆ ముడుచుకోవడం ప్రగతికి గుచ్చుకుంది.

"అరూ, ఆయన బియ్యం వారంగా నేను తింటున్నాను."

"ఎవరి బియ్యం?"

"అదే, మీ... ఆయన."

"పేరు పలకొచ్చమ్మా. నాలుక కాలదు," అంది అరుణిమ, మడత తప్పకుండా. కానీ పెదవి చివర ఏదో కదిలింది.

"తిన్నదానికి పని చెయ్యాలట. మీ తాతమ్మ లెక్క అది." ప్రగతి టీచరు దగ్గర విన్నదంతా కూతురికి చెప్పింది. చెబుతూ, యోహాను కంచం నాకిన చోట తనకే ఏడుపొచ్చింది. అరుణిమ మడతలు ఆపి వింది. "కాబట్టి ఏం పని చెయ్యాలో చెప్పు. ప్రార్థన మాత్రం చెయ్యను."

"నువ్వు చేస్తే ఆయనే భయపడతాడులే." అరుణిమ నవ్వింది. ఇన్ని రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. "శనివారం పెద్దాసుపత్రి గేటు దగ్గర గంజి కాస్తాం అమ్మా. రోగుల కూడా వచ్చినవాళ్ళకి. లోపల రోగికి భోజనం పెడతారు, బయట కూర్చున్నవాళ్ళు ఏం తింటారు? అందరి ముంతలూ అక్కడికే వస్తాయి."

ప్రగతి తెల్లబోయింది. "చర్చివాళ్ళు ఇంటికి పట్టుకుపోతారనుకున్నాను."

"అనుకున్నావు."

"నాకు చెప్పొచ్చుగా?"

"అడగొచ్చుగా?"

ప్రతి వేదిక మీదా, ప్రశ్నించండి, ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోకండి, ప్రశ్నించకుండా దేన్నీ తోసెయ్యకండి అని చెప్పే మనిషి, కన్నకూతుర్ని ఒక్క ప్రశ్న అడగలేదు. అద్దంలో చూసుకున్నట్టు ఆ సంగతి కనపడి, ప్రగతి కూతురి మడతపెట్టిన చున్నీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

ఆదివారం సాయంత్రం అందరికంటే ముందు టీచరు వసారాలోకి వచ్చింది ప్రగతి. టీచరు నోరు తెరవకముందే చాట లాక్కుని, అందులో చిక్కుడుకాయలు పోసుకుని, ఈనె తీస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

ఏ గింజ ఎవరిదో ఏరడం కుదరదు కాబట్టి డ్రమ్ములో మిగిలిన బియ్యమంతా సంచికెత్తి ఆసుపత్రికి పట్టుకెళ్ళిందట. వెళ్ళేసరికి ఆడపిల్లలు రాళ్ళపొయ్యి పెట్టి, గుండిగ ఎక్కించి, పొగలో కళ్ళు నులుముకుంటున్నారు. మగపిల్లలు చెట్టునీడన నిలబడి గిటారు శృతి చేసుకుంటున్నారు.

"నాకు ఆగలేదు టీచర్‌గారూ. 'ఏం నాయనా, దేవుడు మీకు చేతులిచ్చింది పాట కోసమేనా? ఆయన పనిలో కూడా గరిటె ఆడపిల్లలకేనా?' అన్నాను. మా అరు నా చెయ్యి గిల్లింది. 'అమ్మా, ఇక్కడ కూడానా!' అంది. ఇక్కడైతే ఏం? పాపం, మంచిపిల్లలే. గిటార్లు గోడకి ఆనించి వచ్చి గుండిగ దింపారు. ఇకనుంచి వంతులు వేసుకుంటామన్నారు. పాస్టరుగారు నాకు వందనాలు చెప్పి దూరంగా వెళ్ళి నిలబడ్డారు."

"తెలివైనవాడు," అంది టీచరు.

"వడ్డించే ముందు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను మూసుకోలేదు. గరిటె పట్టుకుని నిలబడ్డాను. చూద్దును కదా, మా అరు ఒక కన్ను తెరిచి నావైపు చూస్తోంది, పారిపోయానేమోనని. నేను పారిపోలేదని చూసి మళ్ళీ కన్ను మూసుకుంది." ప్రగతి ఇంకో చిక్కుడుకాయ ఈనె లాగింది. "చీరాల నుంచి వచ్చిన ముసలామె ఒకామె, కోడలికి కాన్పట, మూడోసారి గంజి పోయించుకుని, 'నీ చెయ్యి చల్లగుండ తల్లీ, ఏ సంఘం మీది?' అంది. మహిళా సంఘం అన్నాను. 'ఆ దేవుడెవరో గానీ మంచోడే' అంది."

టీచరు భుజాలు కదిలేట్టు నవ్వింది.

"అందరికీ పోశాక అడుగున కొంచెం మిగిలింది. మిగిలింది ఎవరైనా తాగొచ్చట. అరు రెండు గ్లాసుల్లో పోసి, ఉప్పుగల్లు వేసి, ఒకటి నాకిచ్చింది, ఒకటి తను తీసుకుంది. ఆసుపత్రి గోడ పక్కన కూర్చుని ఇద్దరం తాగాం. ఇంటి బియ్యమే. ఆ డ్రమ్ములో బియ్యమే." ప్రగతి గొంతు మెత్తబడింది. "రేపు పొద్దున్నే బస్సు. ఈ మధ్యాహ్నం కొత్త బియ్యం తెచ్చి వండాను. ఎసట్లో పోసే ముందు అది వచ్చి నా పక్కన నిలబడింది. నేనేమీ అనలేదు. గుప్పెడు తీసి ముంతలో వేసింది. తర్వాత నా కంచంలో అన్నం కలిపి నాకు రెండు ముద్దలు పెట్టి, తనూ తింది. 'నేను హాస్టల్లో ఉంటే ఈ ముంత ఎవరు చూస్తారమ్మా?' అని అడిగింది."

"ఏమన్నావు?"

"బీరువాలో మాత్రం పెట్టనులే అన్నాను."

గేటు చప్పుడైంది. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే పుస్తకాలు చంకన పెట్టుకుని వస్తున్నారు. ప్రగతి గొంతు తగ్గించి, వాళ్ళు వసారా ఎక్కేలోపల చెప్పెయ్యాలన్నట్టు తొందరగా, ఒక నేరం ఒప్పుకుంటున్నట్టు అంది. "కానీ టీచర్‌గారూ, ఒక్కటి. నాకు నమ్మకం రాలేదు. గంజి పోస్తున్నంతసేపూ చూసుకున్నాను, ఎక్కడన్నా వస్తుందేమోనని. రాలేదు. నేనిప్పటికీ నమ్మను."

రాజరత్నం టీచరు ఆమె చేతిలోంచి చాట తీసుకుని, ఈనెలు ఒకసారి వేలితో కెలికి చూసి, పక్కన పెట్టింది.

"ఆ సంగతి నిన్నెవరడిగారే అమ్మాయ్?" అంది. "గంజి అడుగంటలేదు కదా?"